సింగపూరు బజారులో రాయపురం ముడి

మద్రాసు రాయపురంలో మా వీధి నుంచి మనుషుల కంటే ముందు విమానం ఎక్కినవి పీతలు. పులికాట్ మడుగులో పట్టిన పచ్చపీతలు పొద్దున్నే మా షెడ్డుకి వస్తాయి. ఆడవాళ్ళు వాటి డెక్కలు ముడిచి, తడిపిన జనపనార తాడుతో కట్టి, వెదురు బుట్టల్లో పేరుస్తారు. సాయంత్రం వ్యాను వాటిని మీనంబాకం విమానాశ్రయానికి తీసుకుపోతుంది. మర్నాటికి అవి సింగపూరులో ఉంటాయి, ప్రాణంతోనే. ఎన్నో ఏళ్ళుగా అవి పోతున్న దారిలో నేనూ అంకమ్మక్కా వెళ్ళింది మద్రాసు పేరు చెన్నైగా మారిన మరుసటి ఏడు, అంటే ఈ ఏడే.

అంకమ్మక్క ఆ షెడ్డుకి పెద్ద. పన్నెండు మంది ఆడవాళ్ళకి పని పంచేది, పీతని ఎలా కట్టాలో నేర్పేది ఆమే. నేను తూకం చూస్తాను. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు కాటా దగ్గర నిలబడి నా అంతట నేను నేర్చుకున్నవే. షెడ్డులో అందరూ బుట్టలు లెక్కపెట్టేవాళ్ళు, ఎందుకంటే కూలి బుట్టకింత అని. బుట్టలు తగ్గలేదు కాబట్టి పీతలూ తగ్గలేదని అందరి నమ్మకం. నేను బుట్ట విప్పి తలలు లెక్కపెట్టాను. మునుపు ముప్పైతో నిండే బుట్టకి ఇప్పుడు యాభై దాకా పడుతున్నాయి. బరువు అదే. పీతలు చిన్నవైపోతున్నాయి.

పులికాట్ పడవల వాళ్ళని అడిగితే కారణం చెప్పారు. కడుపులో గుడ్డు నిండిన ఆడపీత గుడ్లు వదలడానికి మడుగు దాటి సముద్రంలోకి పోతుంది. ఆ ముఖద్వారం దగ్గరే వలలు వేస్తున్నారు, ఎందుకంటే పై దేశాల్లో గుడ్డు పీతకే ఎక్కువ ధర. మరి షెడ్డులో గుడ్డు పీతని కట్టడం మానేద్దామా అని ఆడవాళ్ళు అడిగారు. ఎగుమతి వ్యాపారి ఒకటే మాట అన్నాడు: "మీరు కట్టకపోతే ఎన్నూరు షెడ్డు కడుతుంది." ఎన్నూరు మా పక్క ఊరు, అక్కడా ఇలాంటి షెడ్డే ఉంది.

సరిగ్గా అప్పుడే ఆ పిలుపు వచ్చింది. మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియాల ఒడ్డు ఊళ్ళవాళ్ళు కలిసి ఒక సమావేశం పెట్టుకున్నారు. ఆ మూడు దేశాల మధ్య ఉన్నది ఒకే నీరు. మడ అడవినీ పీతనీ మిగుల్చుకుంటూ బతకడం ఎట్లాగా అన్నది వాళ్ళు మాట్లాడుకునే విషయం. 'మీది మా సముద్రానికి అవతలి ఒడ్డే కదా, వచ్చి చూడండి' అని మత్స్యకారులతో పనిచేసే ఒక సంఘం ద్వారా మా షెడ్డుకి కబురు పెట్టారు.

అంకమ్మక్క ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది: "నేను పోయి చూసొచ్చి ఏం చెయ్యాల్నో చెప్తా. అందాకా ఎవురూ నోరెత్తబాకండి."

నోట్లో వక్కాకు

సింగపూరు విమానాశ్రయంలో దిగగానే అంకమ్మక్క నేల చూసింది. "ఈడ ఇస్తరాకు లేకుండానే అన్నం పెట్టొచ్చబ్బా," అంది.

పొరపాటు బస్సులో జరిగింది. వక్కాకు లేకపోతే ఆమెకి పొద్దు గడవదు. రవిక ముడిలోంచి తీసి నోట్లో వేసుకున్నాక నాకు గుర్తొచ్చింది. "అక్కా, ఈ ఊర్లో రోడ్డు మీద ఉమిస్తే ఫైను వేస్తారంట," అన్నాను. ఆ ఫైను ఎంతో చెప్పాను, మన రూపాయల్లో కూడా చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి పెదాలు బిగించింది. బస దాకా నేను ఏది అడిగినా కనుబొమలతోనే జవాబు. గదికి చేరి నోరు కడుక్కున్నాక మొదటి మాట: "ఏం ఊరప్పా ఇది! నోరు తెరవాలన్నా దుడ్డు కట్టాల్నా?"

మా బస తమిళులు ఎక్కువగా ఉండే వీధిలో. మల్లెపూలు, కరివేపాకు, ఇనుప అట్లపెనం మీద నూనె వాసన. మైలాపూరులో ఒక వీధిని ఎవరో శుభ్రంగా తుడిచి ఇక్కడ పెట్టినట్టుంది. ధరలు మాత్రం మైలాపూరువి కావు. రాయపురంలో రెండు రూపాయల టీ ఇక్కడ మన లెక్కలో పన్నెండు దాటుతుంది. నేను ప్రతిదానికీ లెక్క కట్టి చెబుతుంటే అంకమ్మక్క నన్ను తమిళంలో లెక్కల గుమాస్తాని చేసి విసుక్కుంది. "కణక్కుపిళ్ళై, తాగినాక చెప్పు. ముందే చెప్తే గొంతు దిగదు."

గుడ్డు పీత, నంబర్ వన్

మర్నాడు పొద్దున చేపల బజారుకి వెళ్ళాం. బజారు అంటే నాకు తెలిసింది మా రేవు: తోపులాట, కేకలు, మోకాలి దాకా నీళ్ళు. ఇక్కడ కప్పు కింద పలకరాయి గట్లు, పారే నీళ్ళు, ప్రతి చేప మీదా ధర చీటీ. బేరం మాత్రం ఉంది. అది చూసి అంకమ్మక్క ప్రాణం కుదుటపడింది.

పీతల దుకాణం చీనా ఆయనది. వయసు మళ్ళిన మనిషి. మమ్మల్ని చూసి తమిళంలో "వాంగమ్మా, ఎన్న వేణుం?" అన్నాడు, రండమ్మా, ఏం కావాలి అని. చుట్టూ తమిళుల కొట్లే గనక భాష పట్టుబడిందట. ఆయన ముందు రెండు రకాల పీతలు. కొన్నిటికి గులాబీ రంగు ప్లాస్టిక్ తాడు, కొన్నిటికి జనపనార. జనపనార కట్టినవాటిని చూపించి, "ఇండియా నండు. ముట్టై నండు. నంబర్ వన్," అన్నాడు. ఇండియా పీత, గుడ్డు పీత అని.

అంతకుముందు చుట్టుపక్కల దీవుల నుంచి గుడ్డు పీతలు వచ్చేవనీ, రెండేళ్ళుగా ఈ నెలల్లో అక్కడివాళ్ళు పంపడం లేదనీ, అయినా తనకేం లోటు లేదనీ, ఇండియా నుంచి విమానంలో వస్తున్నాయనీ ఆయన సంతోషంగా చెప్పాడు.

అంకమ్మక్క ఒక పీతని ఎత్తింది. తిరగేసి కడుపు రేకు మీద బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత ముడి చూసింది. చాలాసేపు చూసింది. మెల్లిగా గట్టు మీద పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"తమ్ముడూ, ఇది నేను కట్టిందే."

"మన షెడ్డుదై ఉంటాది అక్కా. నువ్వే అని ఎట్లా?"

"ముడి యాడుందో చూడు."

చూశాను. మా షెడ్డులో అందరూ తాడుని డెక్కల చుట్టూ రెండు చుట్లు తిప్పి కుడి పక్క కాళ్ళ సందులో ముడి దోపుతారు. అంకమ్మక్కది ఎడంచేతి వాటం. ఆమె ముడి మాత్రం ఎడమ పక్కకి వస్తుంది. ఆ బుట్టలో ఎడమ ముళ్ళు ఇంకా ఉన్నాయి.

మేం ఏమీ కొనలేదు. చీనా ఆయన వెనక నుంచి, "అమ్మా, నల్ల ముట్టై!" అని పిలుస్తూనే ఉన్నాడు. మంచి గుడ్డమ్మా అని.

ఉత్తరానికి బస్సు

సింగపూరు వంతెన దాటితే మలేషియా. దారి పొడుగునా ఆయిల్‌పామ్ తోటలు. ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఎక్కాల పుస్తకంలా ఉందని నేను ముచ్చటపడ్డాను. అంకమ్మక్క కిటికీ లోంచి చూస్తూ, "ఒక్క చెట్టయినా వంకర లేదేంది, చూస్తే కళ్ళు నొస్తుండాయి," అంది.

మాకు దారిలో తోడు సెల్వి. ఆ దేశంలోనే పుట్టిన తమిళ టీచరు. సమావేశంలో మలయ్ మాటల్ని మాకు తమిళంలోకి, మా మాటల్ని వాళ్ళకీ మార్చి చెప్పే పని ఆమెది. దారిలో ఆగినచోట ఆకులో చుట్టిన కొబ్బరిపాల అన్నం, వేయించిన నెత్తళ్ళు, ఎర్ర కారం కొనిపెట్టింది. కారంలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు. అంకమ్మక్క వేలితో నాకి చూసి, "ఇది మన ఎండు రొయ్యల పచ్చడికి చెల్లెలే," అని ఇంకో పొట్లం అడిగింది. నేను దాని ధర మన లెక్కలోకి మార్చాను గానీ నోట్లోనే ఉంచుకున్నాను.

మరియం ఇల్లు

మేం చేరిన ఊరు నేల మీద లేదు. బురద మీద కర్రలు పాతి, వాటిపై పలకలు పరిచి ఇళ్ళు కట్టారు. వీధులూ పలకలే. చుట్టూ మడ అడవి. అడవిలో ఒక ముక్క నరికి బొగ్గు కాలిస్తే, దాన్ని మళ్ళీ నాటి ముప్పై ఏళ్ళ దాకా ముట్టరట. నాకు ఆ లెక్క బాగా నచ్చింది. తాత నాటింది మనవడు కొడతాడు.

మేం ఉన్నది మరియం ఇంట్లో. నలభై దాటిన మనిషి, తలకి గుడ్డ, చేతులు మా షెడ్డు ఆడవాళ్ళ చేతుల్లాగే డెక్కల గాట్లతో. అంకమ్మక్క చేతికి తన చెయ్యి మెత్తగా తాకించి, దాన్నే గుండె మీద పెట్టుకుంది. అక్కడ పలకరింపు అది. మూడు దేశాల ఊళ్ళన్నీ పడవలో తిరిగి, గుడ్డు నెలల్లో ఆడపీతని వదిలేద్దామని అందర్నీ ఒప్పించింది ఈమేనట. ఒక్క ఊరు వదిలితే పక్క ఊరు పడుతుంది, ఒక్క దేశం వదిలితే పక్క దేశం పడుతుంది. అందుకే అందరినీ ఒకే మాట మీదకి తెచ్చింది. రెండేళ్ళుగా ఆ మాట నిలిచింది. ఇప్పుడు ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి వచ్చినవాళ్ళు అలా వదలడం మానేస్తామంటున్నారట. వాళ్ళు మానేస్తే మరియం ఊరివాళ్ళు కూడా నిలవరు. రేపటి సమావేశం దానికోసమే.

సాయంత్రం అంకమ్మక్క వసారాలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. కింద ఆటు పోతోంది. బురదలో చిన్న పీతలు పరిగెడుతున్నాయి.

"చెప్పాల్నా వద్దా?" అంది.

నేను లెక్క వేసి చెప్పాను. వీళ్ళు వదిలిన గుడ్డు పీతకి బదులు బజారులో మన పీత కూర్చుంటోంది. అందువల్ల గిరాకీ తగ్గలేదు, వీళ్ళకి తాము ఉత్తినే పస్తులుంటున్నామని అనిపిస్తోంది. కారణం తెలియకపోతే వీళ్ళు మాట వదిలేస్తారు. మళ్ళీ అందరూ పడతారు, అక్కడా తగ్గిపోతాయి, ఇక్కడా తగ్గిపోతాయి. కాబట్టి చెప్పడమే నయం.

"అంతా సెరిగ్గానే చెప్పినావు. నీ లెక్కలో మన పన్నెండు మంది ఆడోళ్ళు యాడుండారు?"

 

మూడు దేశాలు, ఒక పీత

సమావేశం ఊరి ఉమ్మడి పందిట్లో. అందరూ చాపల మీద కూర్చున్నారు. ఎంతమంది వచ్చారో చూద్దామని నేను చూపుడువేలితో ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే సెల్వి గబుక్కున నా చెయ్యి దించేసింది. ఇక్కడ మనిషికి వేలు చూపడం తప్పట. చూపాల్సి వస్తే వేళ్ళు ముడిచి బొటనవేలితో చూపాలట. మనుషుల్ని లెక్కపెట్టకూడదని మా అమ్మ కూడా అనేది. మిగతావాళ్ళని కళ్ళతోనే లెక్కపెట్టుకున్నాను.

ముందు లేచింది సుమత్రా పడవ నడిపే ఉస్మాన్. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం రేవు మీద వేలంపాట పాడేవాడిది. సెల్వి మా చెవిలో తమిళంలో చెబుతూ వచ్చింది.

"రెండేళ్ళు వదిలాం. మా ఆడవాళ్ళు గుడ్డు పీతని పట్టి, ముద్దు పెట్టుకుని నీళ్ళలో వేశారు. పెనాంగ్ బజారుకి పోతే ఏముంది? సింగపూరు వ్యాపారులు పంపిన గుడ్డు పీతలు, గుట్టలు గుట్టలు! ఎవరివి? మీలో ఎవరో దొంగచాటుగా పడుతున్నారు. మరియం, మీ ఊరివాళ్ళేనా?"

గోల లేచింది. థాయ్ ఊళ్ళవాళ్ళు మేం కాదన్నారు. మరియం ఊరివాళ్ళు చాపల మీంచి లేచారు. మరియం మాత్రం కూర్చునే ఉంది, ముఖం వాడిపోయి.

అంకమ్మక్క నన్ను చూడలేదు. లేచి నిలబడింది. "సెల్వమ్మా, చెప్పు వీళ్ళకి. దొంగలు వీళ్ళల్లో ఎవురూ లేరు. ఆ ఎండ్రకాయలు మావి."

సెల్వి ఆ మాట వాళ్ళకి చెప్పింది. లేచినవాళ్ళందరూ అంకమ్మక్క వైపు తిరిగారు.

"మీవని ఎట్లా తెలుసు?" అన్నాడు ఉస్మాన్.

అంకమ్మక్క ఒక పీతా తాడూ అడిగింది. మరియం ఇంటి తొట్టిలోంచి ఒక మగ పీతని తెచ్చి ఇచ్చారు. మా ఊళ్ళోలాగే అక్కడా ఎడంచెయ్యి ముందుకి చాపడం మర్యాద కాదు. అందుకని ఆమె ముందే చెప్పించింది: "నాకు పుట్టుకతోనే ఈ చెయ్యి వాటం. తప్పుగా అనుకోబాకండి." పీత వీపు మీద మడమ ఆనించి, డెక్కలు ముడిచి, రెండు చుట్లు తిప్పి, ఎడమ పక్క కాళ్ళ సందులోకి ముడి దోపింది. రెప్ప వేసేలోపు అయిపోయింది. ఎడంచేత్తోనే ఉస్మాన్ ముందు పెట్టింది.

ఉస్మాన్ దాన్ని ఎత్తి తిప్పి చూశాడు. "ఈ ముడి నాకు తెలుసు," అన్నాడు. "రెండేళ్ళుగా దీన్నే తిడుతున్నాను."

"ఏమని తిట్టినావో అది కూడా చెప్పు," అంది అంకమ్మక్క.

సెల్వి నవ్వు ఆపుకుంటూ మలయ్‌లో చెప్పింది. ఉస్మాన్ చెప్పలేదు గానీ అతని పక్కనున్న ఆడవాళ్ళు చెప్పేశారు. పందిట్లో నవ్వు రేగింది. మరియం కూడా నవ్వింది. లేచినవాళ్ళు కూర్చున్నారు.

నవ్వు తగ్గాక ఉస్మాన్ అసలు మాట అడిగాడు. "మరి మీరు ఆపుతారా?"

అంకమ్మక్క వెంటనే సరే అనలేదు. మాది ఒక షెడ్డు, పక్క ఊళ్ళో ఇంకో షెడ్డు ఉంది, మేం వద్దంటే వ్యాపారి ఆడికి పోతాడు అని చెప్పింది. సెల్వి అది మలయ్‌లో చెబుతుండగానే చాపల మీద తలలు ఊగడం మొదలైంది. ఆ మాట వాళ్ళకి కొత్త కాదు. రెండేళ్ళ కిందట ఆ పందిట్లో ప్రతి ఊరూ పక్క ఊరిని చూపించి అదే చెప్పిందట.

మరియం లేచి అంకమ్మక్క దగ్గరికి వచ్చి చాప మీద కూర్చుంది. సెల్వి చెప్పింది: "ఆ పక్క షెడ్డు ఆవిడతో మాట్లాడారా అని అడుగుతోంది."

అంకమ్మక్క మిగిలిన తాడు ముక్కని వేలికి చుట్టుకుంది. "ఏడేండ్లుగా మాటల్లేవు," అంది.

మరియం బొటనవేలితో ఉస్మాన్‌ని చూపించింది. "నాకూ అతనికీ కూడా లేవు. మొదట వాళ్ళ ఊరికి పోయినప్పుడు పడవ కట్టనివ్వలేదు."

గుడ్డు పీతని వదులుతామన్న మాటని సుమత్రావాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఇంకో ఏడాది చూస్తామన్నారు. గుడ్డు లేని పీతకి తమ ఊళ్ళలో తాడుతో పాటు ఒక ఆకు పేలిక చుడతామనీ, కొనే హోటళ్ళకి ఆ గుర్తు చెబుతామనీ, మీరూ అలాగే చుట్టమనీ అన్నారు. మరియం ఒక కట్ట ఎండబెట్టిన ఆకు పేలికలూ, ఒక రొయ్యల ముద్ద పొట్లమూ మా సంచిలో పెట్టింది. విమానాశ్రయంలో పేలికల్ని తీయించేశారు. రొయ్యల ముద్ద పొట్లం మాత్రం, అంత వాసన వేస్తూ కూడా, ఎలాగో తప్పించుకుంది.

ఎన్నూరు దాకా

దూరంగా ఉన్న ఊళ్ళకి పోవడం తేలిక. టిక్కెట్టు కొంటే పోవచ్చు. ఎన్నూరు మా షెడ్డుకి సిటీ బస్సు దూరం. ఎన్నూరు మానేస్తే మేమూ మానేస్తామని మా ఆడవాళ్ళు అన్నారు. అంకమ్మక్కకి అక్కడికి బయల్దేరడానికి వారం పట్టింది.

ఎన్నూరు షెడ్డు పెద్ద నాగరత్నమ్మ. ఒక పెళ్ళిలో, వరసలో ఎవరు ముందు కూర్చోవాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. మమ్మల్ని చూసి ఆమె చేతిలో పీత వదలకుండానే, "ఏంది, సింగపూరు దొరసాని ఈ పక్కకి వచ్చింది?" అంది.

"నీకు కారం తెచ్చినా," అని అంకమ్మక్క రొయ్యల ముద్ద పొట్లం ఇచ్చింది.

నాగరత్నమ్మ వాసన చూసింది. "చచ్చింది."

"చావలేదు, ఊరింది. అన్నంలో కలుపుకో, తర్వాత తిట్టు."

అంకమ్మక్క సింగపూరు బజారు గురించీ, ఉస్మాన్ తిట్ల గురించీ, పలకల మీది ఊరి గురించీ చెప్పింది. నేను నా తలల లెక్క చెప్పాను. నాగరత్నమ్మ తన షెడ్డులో బుట్ట విప్పించి తానే లెక్కపెట్టించింది. వాళ్ళకీ యాభై దాటాయి. ఆమె అందులో చిన్న పీతనొకదాన్ని ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"సెరి, నేను మానేస్తే రేపు నువ్వు కట్టవని ఏంది నమ్మకం?"

"మా షెడ్డు బుట్టలు నువ్వొచ్చి విప్పి చూడు. మీవి నేనొచ్చి చూస్తా."

"దినమూ నీ మొగం చూడాల్నా?" అంది నాగరత్నమ్మ. కాదని మాత్రం అనలేదు.

ఎగుమతి వ్యాపారి రాయపురంలో అరిచాడు, ఎన్నూరులో అరిచాడు, మూడో షెడ్డు కోసం వెతికాడు. మడుగు చుట్టూ ఇరుపక్కల రెండు రాష్ట్రాల ఊళ్ళూ తిరిగాడు. పీతని ప్రాణంతో విమానం ఎక్కేలా కట్టగల చేతులు ఈ రెండు షెడ్లలోనే ఉన్నాయి. చివరికి గుడ్డు నెలల్లో మగ పీతలే తీసుకుంటానన్నాడు. ఇది ఈ ఒక్క కాలానికి ఒప్పందం. వచ్చే ఏడు మళ్ళీ మాట్లాడుకోవాలి. మాట్లాడుకుంటామని నాకు నమ్మకం ఉంది. పన్నెండు మందిలో ఒక్కరి పనీ పోలేదు. బుట్టలు తగ్గాయి, ఆ నెలల్లో ఇళ్ళల్లో ఇబ్బంది పడ్డారు. ఆ మాట దాచను.

ఈ ఏడు చివర్లో సుమత్రా, బోర్నియో అడవుల మంటల పొగ ఆ దేశాలన్నిటి మీదా కమ్ముకుందని పేపర్లో చదివాను. మరియం ఊరు గుర్తొచ్చింది. ఆ పలకల వీధి కూడా కనబడకుండా పోయి ఉంటుంది. మంట ఎవరిదైనా పొగ అందరిదీ. పీతకీ అంతే. దానికి దేశం ఏదో తెలియదు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున వలలో కలిసి వచ్చిన గుడ్డు పీతల్ని తీసుకుని నేనూ అంకమ్మక్కా నాగరత్నమ్మా పులికాట్ ముఖద్వారం దగ్గరికి పోయాం. పడవవాళ్ళు అప్పటికే వాటిని కట్టేసి ఉంచారు. అంకమ్మక్క ఇసుకలో కూర్చుని ముడి విప్పడం మొదలుపెట్టింది. రెప్ప వేసేలోపు కట్టే ఆ చేతులు విప్పడానికి తడబడ్డాయి. తాడు వదులైందో లేదో, పీత బొటనవేలు పట్టేసింది.

"అబ్బా! చూడు తమ్ముడూ దీని పొగరు!"

నాగరత్నమ్మ వెనక నుంచి, "ఇన్నేండ్లు కట్టినావు గదా, బదులు తీర్చుకుంటుండాది," అంది.

అంకమ్మక్క వేలు విదిలించుకుని పీతని అల దగ్గర పెట్టింది. అది పక్కకి నాలుగు అడుగులు వేసి ఆగింది. నీళ్ళొచ్చి దాన్ని ఎత్తాయి.

"పో," అంది అంకమ్మక్క. "ఈసారి టిక్కెట్టు లేకుండానే పో."